నెలసరికి ముందు వారం

ప్రశ్న: నేను మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లులో గుమస్తాను. పెళ్లయి మూడేళ్లయింది. ప్రతి నెలా నెలసరికి వారం ముందు నుంచి నా భార్య చిన్న మాటకే మండిపడుతుంది, ఏడుస్తుంది. మొన్న పచ్చిపులుసులో ఉప్పు ఎక్కువైందన్నందుకు పళ్లెం పక్కకు నెట్టేసి రాత్రంతా మాట్లాడలేదు. నెలసరి వచ్చిన రెండు రోజులకే మామూలవుతుంది. మా అమ్మ తాయెత్తు కట్టిద్దామంటోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు

జవాబు: వైద్యులు ముందుగా అడిగే సంగతి మీ ఉత్తరంలోనే ఉంది. నెలసరికి ముందు మొదలై, అది వచ్చిన కొద్ది రోజులకే తగ్గిపోయే ఈ బాధను ప్రీమెన్‌స్ట్రువల్ సిండ్రోమ్, క్లుప్తంగా పీఎంఎస్ అంటారు. అండం విడుదలయ్యాక పెరిగిన ప్రొజెస్టిరాన్, ఈస్ట్రోజన్ హార్మోన్లు నెలసరికి ముందు పడిపోతాయి; ఆ హెచ్చుతగ్గులకు కొందరి మెదడు ఎక్కువగా స్పందించడం వల్ల కోపం, దుఃఖం, నిద్రలేమి, రొమ్ముల సలపరం, కడుపుబ్బరం కలుగుతాయి. హార్మోన్ల మోతాదు సాధారణంగా అందరిలో ఉన్నట్లే ఉంటుంది కనుక రక్తపరీక్షలో ఇది బయటపడదు. తాయెత్తు అవసరం లేదని అమ్మగారికి మీరే నచ్చజెప్పాలి. కోడలి నోట ఆ మాట వస్తే మరో గొడవ మొదలవుతుంది.

ఏ రోజు ఎలా ఉందో రెండు మూడు నెలలు ఆమె రాసుకోవాలి. పాల లెక్క వేసే గోడ క్యాలెండర్ అందరి కంటా పడుతుంది కనుక విడిగా ఒక నోటుబుక్కు పెట్టుకోవడం మేలు. ఆ రోజు మీరు ఏమన్నారో మీరూ ఒక వాక్యం రాయండి. లక్షణాలు నెలంతా ఉన్నట్లు తేలితే కారణం వేరే ఉండవచ్చు. డిప్రెషన్, థైరాయిడ్, రక్తహీనత వంటివి చూడవలసి వస్తుంది.

ఆస్ట్రేలియాలో 83 మంది మహిళలతో జరిపి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, ఒంటరిగా కౌన్సెలింగ్ పొందినవారికీ భాగస్వామితో కలిసి పొందినవారికీ బాధ తగ్గింది గానీ, దాంపత్యం మెరుగుపడడం మాత్రం కలిసి వెళ్లినవారిలోనే ఎక్కువగా కనిపించింది. అయితే పీఎంఎస్ గురించి తెలుసుకున్న భర్తలు చేసే పొరపాటు ఒకటుంది. భార్య ఏదైనా అడిగితే చాలు, "డేట్ దగ్గర పడ్డదా?" అని నోరు మూయిస్తారు. నెలంతా దిగమింగిన న్యాయమైన మాటే ఆ వారంలో బయటికి రావచ్చు. ఉప్పు సంగతి రాశారు సరే, ఆ రాత్రికి ముందు ఆమె మీతో ఏం చెప్పబోయిందో రాయలేదు. నెలసరి అయ్యాక, మనసు కుదుటపడిన రోజున అది అడగండి. ఆ వారంలో ఏ పని మీరు చేస్తే ఆమెకు తెరిపిగా ఉంటుందో కూడా ఆమెనే అడగండి.

రోజూ నడక, తగినంత నిద్ర, ఊరగాయలు, టీ తగ్గించడం కొందరికి ఉపశమనం ఇస్తాయి. చాలకపోతే గైనకాలజిస్టు సలహాతో వాడే మందులున్నాయి. చనిపోవాలనిపిస్తోందని ఆమె ఎప్పుడైనా అంటే నెల తిరిగేదాకా ఆగకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. డాక్టరు దగ్గరికి ఆ నోటుబుక్కు తీసుకెళ్లండి. ఆమె సరేనంటే, బయట బెంచీ మీద కూర్చోకుండా మీరూ లోపలికి వెళ్లండి.