జేసీఎండీ లిస్టులో ప్రోగ్రాం కనబడకపోతే

జేసీఎండీ అంటే నడుస్తున్న జావా ప్రోగ్రాంలను లిస్టుగా చూపి, వాటికి కమాండ్లిచ్చే టూల్. స్లో అవుతున్న మీ ప్రోగ్రాం అందులో కనబడకపోతే, కారణం బహుశా యూజరే. రాయగడ గోడౌన్ సర్వర్‌లో మీ బిల్లింగ్ ప్రోగ్రాం సర్వీసుగా వేరే యూజర్ కింద నడుస్తుంటుంది, మీరేమో మీ లాగిన్‌తో వెతుకుతున్నారు. రీస్టార్ట్ మాత్రం చేయొద్దు. చేస్తే ఆ స్లో కూడా మాయం, ఇక కారణం పట్టుకునేదేముంది?

1. పీఎస్ కమాండ్‌తో ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాం) ఏ యూజర్‌దో చూడండి. వేరే యూజర్‌గా కమాండ్ నడిపే సుడోలో ఆ యూజర్ పేరిచ్చి జేసీఎండీ నడపండి. అందరూ వదిలేసేది ఇదే.

2. జావా ప్రోగ్రాం లోపల జరిగేది రికార్డ్ చేసే జేఎఫ్ఆర్‌ను అదే జేసీఎండీతో మొదలుపెట్టండి: జేఎఫ్ఆర్ డాట్ స్టార్ట్, సెట్టింగ్స్ ప్రొఫైల్, ఆ రికార్డింగ్‌కో పేరు. ముందే ఓ రికార్డింగ్ నడుస్తుంటే ఆపక్కర్లేదు, రెండూ కలిసి నడుస్తాయి. మెథడ్ శాంపిలింగ్, అంటే ఏ కోడ్ నడుస్తోందో చూసే వ్యవధి, 20 నుంచి 10 మిల్లీసెకన్లకు దిగుతుంది.

3. సాయంత్రం లారీలొచ్చి బిల్లులు ఆగినప్పుడు డంప్ తీయండి, అంటే అప్పటిదాకా రికార్డైనది ఫైలుగా రాయించండి. ఫైలుకు పూర్తి పాత్ ఇవ్వండి. ఆ ఫోల్డర్‌లో రాసే పర్మిషన్ ప్రోగ్రాం నడిపే యూజర్‌కు ఉండాలి, మీకు కాదు.

4. పని అయ్యాక రికార్డింగ్‌కు ఇచ్చిన ఆ పేరుతోనే జేఎఫ్ఆర్ డాట్ స్టాప్.