"ఈ మోడల్ అంతే" అన్నారా? అయితే ఆ మాటే కాగితం మీద రాయించుకోండి

సెలవులకి కూకట్‌పల్లి వచ్చినప్పటి నుంచి ఇదే పంచాయితీ. కింది ఫ్లాట్ ఆంటీ వాళ్ళబ్బాయి డాలస్‌లో ఎమ్మెస్ చేస్తూ సెకండ్ హ్యాండ్ కారు కొన్నాడు, గేరు మారినప్పుడల్లా బండి వణుకుతోంది, గూగుల్ చేస్తే ఆ మోడల్ ఉన్న చాలామందిదీ అదే ఏడుపు. డీలరేమో "ఈ మోడల్ అంతే" అని పంపేస్తున్నాడు. "తెలిసి కూడా బాగుచెయ్యరా బాబూ?" అని ఆంటీ నన్ను నిలదీస్తున్నారు, ఆ కంపెనీ మా నాన్నదైనట్టు.

ఆగస్టులో అమెరికా ఫ్లైటెక్కే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీరూ వినండి. కంపెనీకి తెలిసిన లోపమల్లా రీకాల్ కాదు. రీకాల్ అంటే లోపమున్న కార్లని బాగుచెయ్యడానికి కంపెనీయే వెనక్కి పిలవడం, అది భద్రతకి సంబంధించింది, కారు మొదటిసారి అమ్ముడై 15 ఏళ్ళు దాటకముందు రీకాల్ వస్తే రిపేరు ఉచితం, మీరు ఎన్నో ఓనరైనా సరే. ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ (అక్కడి రోడ్డు భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) సైట్‌లో 17 అక్షరాల విన్ నంబర్, అంటే ఒక్కో కారుకీ ఉండే గుర్తింపు నంబర్, కొడితే మీ కారుకి పెండింగ్ రీకాల్ ఉందో లేదో తెలిసిపోతుంది.

ఇలాంటి వణుకుకి మాత్రం ఎక్కువగా వచ్చేది టీఎస్‌బీ, అంటే "కస్టమర్ ఇలా అంటే ఇది మార్చండి" అని కంపెనీ తన డీలర్లకి పంపే సర్వీస్ బులెటిన్. వారంటీ ఉంటే ఫ్రీ, లేకపోతే బిల్లు మనకే. మనకెవరూ పంపరు గానీ అదే సైట్‌లో మీ మోడల్ కింద దొరుకుతాయి. బులెటిన్ నంబర్ రాసుకుని వెళ్ళండి. "నెట్‌లో అందరూ అంటున్నారు" అంటే పట్టించుకోరు.

నేను దెబ్బతిన్నది ఇంకో చోట. నా మొదటి కారుకి గేర్‌బాక్స్ వారంటీ ఐదేళ్ళు లేదా 60,000 మైళ్ళు, ఏది ముందొస్తే అది. 52,000 దగ్గర వణుకు మొదలైంది, మూడుసార్లు తీసుకెళ్ళాను, మూడుసార్లూ "నార్మలే" అన్నారు, నేనూ తాళాలు పుచ్చుకుని వచ్చేశాను. రాణీగంజ్‌లో మెకానిక్ నోటిమాట మీద బండి నడిపినవాణ్ణి, కాగితం అడగాలని తోచలేదు. 63,000కి గేర్‌బాక్స్ పోయింది. ముందే చెప్పాను కదా అంటే "రికార్డులో ఏమీ లేదే" అన్నారు. 3,400 డాలర్లు నా జేబులోంచే. మా ఆఫీసులో ఇంకో తెలుగాయనది అదే కారు, అదే జబ్బు. ఆయన వెళ్ళిన ప్రతిసారీ రిపేర్ ఆర్డర్ తీసుకున్నాడు, ఫిర్యాదు, తేదీ, మైళ్ళు అన్నీ అందులో ఉన్నాయి, కింద "సమస్య కనిపించలేదు" అని రాసినా దాచుకున్నాడు. వారంటీ దాటాక డీలర్‌ని వదిలేసి కంపెనీ కస్టమర్ కేర్‌లో కేసు తెరిపించి సగం ఖర్చు పెట్టించాడు. దీన్ని గుడ్‌విల్ అంటారు, హక్కు కాదు, గట్టిగా అడిగితేనే వస్తుంది.

హైవే మీద బండి ఒక్కసారిగా పవర్ కోల్పోతే మాత్రం అది భద్రత సంగతి, ఎన్‌హెచ్‌టీఎస్‌ఏకి ఫిర్యాదు పెట్టండి. మీ డబ్బులు వాళ్ళిప్పించరు, కానీ దర్యాప్తులు మొదలయ్యేది చాలాసార్లు ఆ ఫిర్యాదుల వల్లే. లెమన్ లా (ఎన్నిసార్లు రిపేరు చేసినా బాగుపడని కారుకి కంపెనీ చేత మార్పించే లేదా డబ్బు వెనక్కిప్పించే చట్టం) అని ఎవరో ఒకరు చెప్తారు, టెక్సాస్‌లో అది ప్రధానంగా కొత్త కార్లకి, దానిమీద పెద్దగా ఆశ పెట్టుకోకండి.

నిన్న ఆంటీ ఫోన్‌లోనే ఆ అబ్బాయితో మాట్లాడాను. కారుకి నాలుగేళ్ళు, మీటరు 57,000. ఈ శనివారమే వెళ్ళి కాగితం తీసుకోమన్నాను.