సిగార్ పెట్టె, కెమెరా, చెనిక్కాయ చట్నీ: జీతం ఎటు పోతుందో చూసుకో

తిరుపతి భవానీనగర్ నుంచి ఒక తమ్ముడు రాశాడు. హెచ్‌1బీ మీద వచ్చే నెల డాలస్ పక్కన ఇర్వింగ్‌కి వస్తున్నాడట. "అన్నా, ఈ మధ్యే సిగార్ల పిచ్చి పట్టుకుంది, చిన్న కలెక్షన్ ఉంది, తెచ్చుకోవచ్చా? కెమెరా, డ్రోన్ ఇక్కడ కొననా, అక్కడ కొననా? వంట బాగా వచ్చు, మిక్సీ పెట్టుకోనా? నా అన్‌బాక్సింగ్ ఛానల్ నడుపుకోవచ్చా? ఇలాంటి సరదాలున్న మనవాళ్లు అక్కడ దొరుకుతారా? ఒంటరిగా మిగిలిపోతానేమోనని టెన్షన్‌గా ఉంది."

నాయనా, మనుషుల గురించి దిగులు పడకు. ఇర్వింగ్‌లో ఇండియన్ స్టోర్ ముందు నిలబడి తుమ్మితే "చిరంజీవ" అనేవాళ్లు ఇద్దరైనా ఉంటారు. నువ్వు అడగని ప్రశ్న ఒకటుంది, నా బెంగంతా దాని మీదే. ఈ సరదాలన్నిటికీ డబ్బు ఎక్కడిది? జీతం ఉంది కదా అంటావు. నేనూ అలాగే అనుకున్నాను.

వచ్చిన కొత్తలో ఒక పెద్ద ఎలక్ట్రానిక్స్ షాపులో కెమెరా చూశాను. ధర 2,200 డాలర్లు. చదువుకునే రోజుల్లో మనకు కెమెరా అంటే పెళ్లిలో ఫొటోగ్రాఫర్‌ని బతిమాలి ఒక్క నిమిషం మెడలో వేసుకోవడమే. అలాంటిది సొంతానికి కొనుక్కునే రోజొస్తే కాళ్లు ఆగుతాయా? కౌంటర్‌లో అమ్మాయి, షాపు క్రెడిట్ కార్డు తీసుకుంటే 12 నెలలు వడ్డీ లేదంది. అక్కడే నిలబడి 2,200ని 12తో భాగించాను. నెలకు 184 ఆటోపే పెట్టేసి ఇక దాని సంగతే మర్చిపోయాను.

ఇక్కడ మన ఎంఆర్‌పీలా పన్ను ధరలో కలిసి ఉండదు. బిల్లు వేసేటప్పుడు పైన పడుతుంది, మా వైపు 8.25 శాతం. అంటే నా బాకీ 2,381, నేను భాగించింది మాత్రం అట్టపెట్టె పక్కన అంటించిన ధరని. ఏడాది తిరిగేసరికి 173 డాలర్లు మిగిలిపోయింది. ఆ తర్వాతి స్టేట్‌మెంట్ తెరిస్తే 173 కింద ఇంకో వరస ఉంది, వడ్డీ అని, 380కి దగ్గర. పొరపాటున పడిందేమోనని ఫోన్ చేశాను. అవతలి మనిషి చాలా మర్యాదగా చెప్పాడు: గడువులోపు మొత్తం తీరితేనే వడ్డీ ఉండదు, ఒక్క డాలర్ మిగిలినా కొన్న రోజు నుంచీ లెక్క కట్టి వేస్తాం, మీరు సంతకం పెట్టిన కాగితంలోనే ఉంది. ఆ కాగితం తీసి చూస్తే నిజంగానే ఉంది, చీమ తలకాయంత అక్షరాల్లో. ఎమ్‌సెట్‌లో ర్యాంకు తెచ్చుకున్నవాణ్ని, గుణకారాలు, భాగాహారాల దగ్గర దెబ్బతిన్నాను. నీ తరం వాళ్లు యాప్‌లో చూసుకుంటారులే అనకు. యాప్‌లో "కొనుక్కో" అన్న బటన్ ఒక్కటే పెద్దగా ఉంటుంది.

అప్పటి నుంచి నాది ఒకటే పద్ధతి. డాలర్లను రూపాయల్లోకి మార్చి చూడొద్దని ఇక్కడ అందరూ చెబుతారు. తిండి దగ్గర ఆ మాట నిజం, అలా మార్చుకుంటూ కూర్చుంటే టమాటా కూడా కొనలేవు. వస్తువుల దగ్గర మాత్రం నేను ధరను ఇంటి అద్దెలోకి మార్చి చూస్తాను. ఈ లెన్స్ అంటే ఎన్ని రోజుల అద్దె? ఎందుకంటే హెచ్‌1బీ మీద ఉద్యోగం పోతే ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి ఎక్కువలో ఎక్కువ 60 రోజులు. దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ఐ-94 కాగితం గడువు అంతకన్నా ముందే ముగిస్తే అదీ లేదు. వివరాలు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉన్నాయి, చదువుకో. నేను చెప్పేదల్లా, మూడు నెలల అద్దె, తిండి ఖర్చు, చెన్నైకి ఒక టికెట్ డబ్బు బ్యాంకులో పడేదాకా ఏ సరదా వస్తువూ వాయిదాల మీద కొనకు. షాపుకొక కార్డు తీసుకోకు. క్రెడిట్ స్కోరు 300 నుంచి 850 దాకా ఉంటుంది, కొత్తగా వచ్చినవాడికి అసలు స్కోరే ఉండదు. ఒక్క కార్డు తీసుకుని, ప్రతి నెలా బిల్లు మొత్తం కట్టు, చాలు.

ఇప్పుడు నీ సిగార్లు. కొన్ని తెచ్చుకోవచ్చు, ఎన్ని అన్నది కస్టమ్స్ వాళ్ల సైట్‌లో చూడు. క్యూబా సరుకు మాత్రం వద్దు, 2020 సెప్టెంబర్ నుంచి ప్రయాణికులు సొంతానికి తెచ్చుకోవడం కూడా నిషేధం. అంతకుముందు వదిలిపెట్టేవాళ్లు. ఆ రోజుల్లోనే మెక్సికో పోయిన స్నేహితుడి చేత ఒక పెట్టె తెప్పించుకున్నాను. అద్దం మూత, లోపల వరసగా సిగార్లు, చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉందో. వారం పాటు వచ్చినవాళ్లందరికీ చూపించాక ఒక పెద్దాయన చెప్పాడు, అసలు క్యూబన్లు అద్దం మూత పెట్టెలో రావని. ఆ డబ్బుతో నికరాగువా సరుకు మంచిది రెండు పెట్టెలు వచ్చేది. నికరాగువా, డొమినికన్ సిగార్లు దేనికీ తీసిపోవు, ధర కూడా మన అందుబాటులోనే ఉంటుంది.

సిగార్లు ఎండిపోకుండా దాచే పెద్ద పెట్టె, హ్యుమిడార్, కొనమని షాపువాళ్లు నీ వెంటపడతారు. వద్దు. గట్టిగా మూతపడే ప్లాస్టిక్ డబ్బా, స్పానిష్ సీడార్ చెక్క ముక్క ఒకటి, తేమ ప్యాకెట్ ఒకటి, తేమ కొలిచే చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ ఉంటే చాలు. తేమ 65 నుంచి 70 శాతం మధ్య ఉండాలి. చలికాలంలో అపార్ట్‌మెంట్‌లో హీటర్ తిరిగితే గాలి ఎండిపోయి సిగార్ పై ఆకు పగులుతుంది. తేమ మరీ ఎక్కువైతే బూజు. ఇంతకూ మీటర్ నిజం చెబుతోందో లేదో ఎలా తెలుస్తుంది? సీసా మూతలో ఒక చెంచా ఉప్పు పోసి, ముద్దయ్యేంత వరకే నీళ్లు చిలకరించు, కరిగిపోకూడదు. దాన్ని, మీటర్‌ని కలిపి జిప్ కవర్లో పెట్టి ఒక రాత్రి వదిలెయ్. పొద్దున 75 చూపించాలి. 71 చూపిస్తే నాలుగు కలుపుకుని చదువుకో. ఖర్చు చెంచాడు ఉప్పు. ఈ పని చేసేటప్పుడు నాకు కలిగే సంతోషం సిగార్ వెలిగించినప్పుడు కూడా ఉండదు, మా ఆవిడ దీన్ని పిచ్చి అనే అంటుంది.

ఇంకో ఖర్చు ఎవరూ చెప్పరు. ఆఫీసు ఇన్సూరెన్స్ ఫారంలో పొగాకు వాడతారా అని అడుగుతారు. చాలా కంపెనీల్లో అవునంటే ప్రీమియం మీద అదనంగా వేస్తారు. జీవిత బీమాలోనూ అంతే. నెలకొకటి కాల్చేవాడు ఏం రాయాలన్నది ఆ ఫారంలో నిర్వచనం చదివి నిజమే రాయి. కాదని రాసి దొరికిపోతే పోయేది అంతకంటే ఎక్కువ. మంట చిమ్మే టార్చ్ లైటర్ విమానంలో చేతి సంచిలోనూ, పెద్ద పెట్టెలోనూ కుదరదు, ఇంట్లోనే వదిలి రా. సెలవుల్లో వచ్చి కొండకు పోయేటప్పుడు కూడా సంచి ఒకసారి దులుపుకో. అలిపిరిలో పొగాకు పోనివ్వరని తిరుపతి వాడివి నీకు నేను చెప్పాలా?

మిక్సీ తేవద్దు. ఇక్కడ కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనది 230, 50. మా అమ్మ కొనిచ్చిన మిక్సీని తువ్వాళ్లలో చుట్టి తెచ్చాను. స్విచ్ వేస్తే బ్లేడు నిద్రలో నడిచినట్టు తిరిగింది, చెనిక్కాయలు చెనిక్కాయలుగానే ఉన్నాయి. ట్రాన్స్‌ఫార్మర్ కొన్నాను. అది ఇటుకరాయంత బరువు, పైగా వోల్టేజీ పెంచుతుందే గానీ హెర్ట్జ్ మార్చదు. దానికి పోసిన డబ్బుకు ఇంకొంచెం కలిపితే ఇక్కడే 110 వోల్టుల మన మిక్సీ వస్తుంది. కరెంటుతో పనిలేనివి తెచ్చుకో: గుంతపొంగణాల పెనం, సంగటి గెలికే కట్టె. రాగిపిండి ప్రతి ఇండియన్ స్టోర్‌లో ఉంది. నాటుకోడి కావాలంటే హలాల్ షాపులో హార్డ్ చికెన్ అని అడుగు, కుక్కర్‌లో రెండు కూతలు ఎక్కువ పెట్టు, పులుసు దాదాపు మన ఇంటి రుచే. మాంసం పచ్చళ్లు పెట్టెలో పెట్టుకోకు, కస్టమ్స్‌లో తీసేస్తారు.

మామిడిపండ్ల సంగతి కూడా చెబుతాను. 2007 నుంచి మన పండ్లను ఇక్కడికి రానిస్తున్నారు, రేడియేషన్ పట్టించి విమానంలో పంపుతారు కాబట్టి పెట్టె ధర చూస్తే కళ్లు తిరుగుతాయి. మొదటి ఎండాకాలం ఆగలేక కొన్నాను, సగం మెత్తబడి ఉన్నాయి. ఇప్పుడు తోతాపురి గుజ్జు డబ్బా కొంటాను. వెనక్కి తిప్పి చూస్తే ఒక్కోసారి చిత్తూరు జిల్లా అడ్రసు ఉంటుంది. మన తోటకాయే డబ్బాలో కూర్చుని ఓడలో వచ్చిందన్నమాట. పైగా చవక.

మిగిలినవి చప్పున చెప్పేస్తాను. కెమెరా ఇక్కడే కొను, నవంబర్ చివర తగ్గింపుల దాకా ఆగు, ఎవరో తిరిగి ఇచ్చిన ఓపెన్ బాక్స్ దొరికితే ఇంకా మేలు. డ్రోన్ 250 గ్రాములు దాటితే రిజిస్ట్రేషన్, 5 డాలర్లు. కానీ ఇర్వింగ్ పక్కనే పెద్ద విమానాశ్రయం ఉంది, నీ అపార్ట్‌మెంట్ మీద ఎగరేయాలన్నా ముందు అనుమతి కావాలి. దాన్ని ఇండియాకి తెద్దామనీ అనుకోకు, 2022 నుంచి దిగుమతి నిషేధం. మేనమామలు, బావలు ఐఫోన్ తెమ్మంటారు. ఇక్కడి మోడళ్లలో 14 నుంచి సిమ్ పెట్టే అర లేదు, ఫోన్ లోపలే ఉండే ఇసిమ్ మాత్రమే. ఆ మాట ముందే చెప్పి, డబ్బు ముందే తీసుకో. బంధువుల దగ్గర తర్వాత అడగడం మన వల్ల కాదు. ఛానల్ మీద డబ్బు రావడం మొదలైతే అది వీసా చిక్కు, లాయర్‌ని అడక్కుండా యాడ్స్ ఆన్ చెయ్యకు.

ఇక ఒంటరితనం అన్నావు. సిగార్ లాంజ్‌కి పో, కానీ మొదటిరోజే నెలవారీ సభ్యత్వం తీసుకోకు. ఒక సిగార్ కొనుక్కుని కూర్చుంటే చాలాచోట్ల ఎవరూ లేవమనరు. పక్క కుర్చీలో రిటైరయిన టెక్సాస్ ముసలాయన ఉంటాడు, ఏం కాలుస్తున్నావని అడిగితే చాలు, గంట గడిచిపోతుంది. తలా ఒక వంట తెచ్చుకునే మనవాళ్ల పాట్‌లక్‌లకు సంగటి, చెనిక్కాయల ఊరిబిండి పట్టుకుపో. కృష్ణా, గోదావరి వాళ్లు మొదట ముక్కు విరుస్తారు, తర్వాత గిన్నె అడుగు దాకా గీకుతారు. రెండు చోట్లా ఎవడో ఒకడు కొత్త లెన్స్ చూపించి "జీరో వడ్డీకి తీసుకున్నా బావా" అంటాడు. పన్ను కలిపి భాగించావా అని అడుగు.