తోలు సంచి రంగు చీరకు అంటుతోంది, సీలర్ జిగటగా ఉంది: ఇంకో కోటు వేయాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: తోలు సంచికి కొబ్బరినూనె పట్టించి, ముదురు నీలం డై అద్ది, దాని మీద అక్రిలిక్‌తో మన మహబూబ్‌నగర్ పిల్లలమర్రి బొమ్మ వేశారు. పైన సీలర్ (తోలును, రంగును కాపాడే పైపూత) పూశారు. ఇప్పుడు నీలం చీరకు అంటుతోంది, సీలర్ చేతికి జిగటగా తగులుతోంది, ఒక ఊడ గీత పక్కకు పోయింది. ఇంకో కోటు సీలర్ వేస్తే సర్దుకుంటుందా అని.

వేయకండి. ఇంకా చిక్కుపడుతుంది.

దేవరకొండ దిక్కు మా ఇంట్లో తోలుపని తాతల నాటిది. మా పెదనాయన కిర్రు చెప్పులు కుట్టేవాడు. నేను సంచులు, బెల్టులు, పర్సుల మీద బొమ్మలేసి అమ్ముతాను, పాడైనవి బాగు చేస్తాను. నా దగ్గరికి బాగుకు వచ్చేవాటిలో ఎక్కువ మీ సంచి లాంటివే. సీలర్ వేస్తే రంగు ఆగుతుందని చాలామంది నమ్ముతారు. సీలర్ ఆపేది పైనుంచి వచ్చే తడిని, రాపిడిని. తోలులోకి దిగకుండా పైన మిగిలిన డై పొడి అట్లనే ఉంటే, తడి సీలర్ దాన్ని కరిగించి తనలో కలుపుకుంటుంది. ఆ తర్వాత బట్టకు అంటేది ఆ కలిసిన రంగే. అందుకే డై వేశాక 24 గంటలు నీడన ఆరబెట్టి, తెల్లటి పాత పంచె ముక్కతో గట్టిగా రుద్దాలి. ముక్క మార్చి మార్చి, తెల్లబట్ట తెల్లగా వచ్చేదాకా రుద్దాలి. ముదురు నీలం, ఎరుపు, నలుపు రంగులకు ఈ రుద్దుడే సగం పని.

ఇంకో సంగతి. డై దేంట్లో కరుగుతుందో, పైన పూసే సీలర్ కూడా అదే ద్రవంతో చేసింది కాకూడదు. నీళ్ల డై మీద నీళ్ల సీలర్‌ను బ్రష్‌తో రుద్దితే రంగు లేచి వస్తుంది. స్పిరిట్ డై మీద నీళ్ల సీలర్ అయితే చాలా వరకు కదలదు. కానీ పైన అక్రిలిక్ బొమ్మ ఉంటే థిన్నర్‌తో చేసిన లక్కర్ దగ్గరికి కూడా పోవద్దు, అది బొమ్మను మెత్తబరిచి సాగదీస్తుంది. అక్రిలిక్ మీదకు నీళ్ల సీలరే మేలు. నేనైతే సగానికి సగం నీళ్లు కలిపి, స్పాంజిని ముంచి గట్టిగా పిండి, ఒక్కసారే తేలికగా లాగుతాను. అది పూర్తిగా ఆరాక రెండోది. మందంగా ఒక్క కోటు వేసే బదులు పల్చగా రెండు వేస్తే, మడత దగ్గర పగలదు.

ఇక మీ సంచి సంగతి. ముందు గాలి ఆడే నీడలో వారం వదిలేయండి. మందంగా పూసిన సీలర్ చాలాసార్లు అట్లనే గట్టిపడుతుంది. అప్పటికీ జిగట పోకపోతే కింద ఉన్న కొబ్బరినూనెదే తప్పు, నూనె తోలు మీద సీలర్ పట్టదు. అప్పుడు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో దూది తడిపి, బొమ్మకు దూరంగా, అరచేయంత మేర చొప్పున తుడుస్తూ పోండి. సీలర్‌తో పాటు కొంత నీలం కూడా వస్తుంది, భయపడకండి. తర్వాత టాల్కం పౌడరు చల్లి రాత్రంతా ఉంచి దులపండి. మళ్లీ పల్చగా డై, మళ్లీ రుద్దుడు, ఆ తర్వాతే సీలర్. ఆల్కహాల్ వాడేటప్పుడు కిటికీలు తెరిచి పెట్టండి, పొయ్యి దగ్గర అసలు వద్దు.

పక్కకు పోయిన ఊడ కోసం అగ్గిపుల్ల కొనకు దూది చుట్టి, ఆల్కహాల్‌లో ముంచి పిండేసి, గీత మీద మాత్రమే తిప్పండి. అక్రిలిక్ మెత్తబడి దూదికి వస్తుంది. గోరుతో గీకవద్దు, తోలు పైపొర లేస్తే అక్కడ డై మరకలా ముదురుతుంది. కింద పాలిపోయిన చోట సన్నని బ్రష్‌తో నీలం దిద్దుకోండి. డైలో జరిగిన తప్పు వేరు, దాన్ని వెనక్కి తీయలేం. ముదురు వైపే పోగలం. లేత రంగులు ముందు, ముదురు చివరన వేయమనేది అందుకే.

కొన్నిసార్లు లేత తోలు మీద నల్లటి చుక్కలు కనిపిస్తాయి, బూజు అనుకుంటారు. చెట్టు చెక్కతో, అంటే బెరడుతో, పదును చేసిన తోలులో టానిన్ అనే వగరు పదార్థం ఉంటుంది. వెనకట మన దిక్కు లందల్లో (తోళ్లు నానబెట్టే గుంతల్లో) తంగేడు చెక్క వేసేవాళ్లు. ఆ టానిన్‌కు ఇనుము తగిలితే నలుపు పుడుతుంది. తుప్పు పట్టిన రంపె (తోలు కోసే కత్తి), ఇనుప డబ్బా, ఇనుము ఎక్కువున్న బోరు నీళ్లు, ఏవైనా చాలు. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన బట్ట మీద ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్లతో గీసే నలుపు కూడా ఇదే కథ. డై వేయకముందైతే అర లీటరు నీళ్లలో 1 చెంచా ఆక్సాలిక్ ఆమ్లం కలిపి అద్దితే చుక్కలు పోతాయి. అది విషం, గ్లవ్స్ వేసుకోండి, తర్వాత శుభ్రమైన నీళ్లతో తుడవండి.

మా నల్లగొండ బోరు నీళ్లు రంగుల్లో కలపను. ఉప్పులు ఎక్కువ, ఆరాక తెల్లటి చారలు తేలతాయి. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకుంటే ఖర్చు తక్కువే. మే నెల ఎండల్లో డై బ్రష్ లాగేలోపే ఆరి గీతలు పడుతుంది, పొద్దున్నే చేయండి. వానలప్పుడు లక్కర్ పొగ పట్టినట్టు తెల్లబడుతుంది, ఆ రోజులు కుట్టుపనికి ఉంచుకోండి.

భుజం పట్టీ మాత్రం దిద్దకండి. చెమట, రాపిడి ఎక్కువ పడేది అక్కడే, మళ్లీ మళ్లీ రంగు వదులుతూనే ఉంటుంది. దాన్ని విప్పి కొత్తది కుట్టించండి, రంగు అద్దకుండా సహజ రంగులోనే.

ఒక్కటి చెప్పండి. సంచి అంచు దగ్గర సీలర్ తగలని చోట, తోలు నున్నటి వైపు నీటిచుక్క వేస్తే ఇంకుతుందా, జారిపోతుందా? జారితే అది చాలావరకు కంపెనీ ఫినిష్ (తయారీలోనే వేసిన పైపూత) ఉన్న తోలు, డై లోపలికి సరిగా దిగి ఉండదు. అప్పుడు ఆల్కహాల్‌తో కాదు, ముందు ఆ ఫినిష్‌నే అసిటోన్‌తో తీయాలి. బొమ్మ నిలవదు కాబట్టి దాన్ని మళ్లీ వేసుకోవాల్సి వస్తుంది. చుక్క వేసి చూసి, ఫొటో పెట్టండి.