ప్రతిసారీ అదే గీత దాకా

చిత్తూరు

అమ్మణ్ణీ,

నువ్వు సెకండ్ హ్యాండ్‌లో రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ బండి కొన్నావని, జూన్‌లో స్నేహితులతో కలిసి తిరుపతి నుంచి లేహ్ దాకా పోతున్నావని మీ అమ్మ మొన్న ఫోన్‌లో చెప్పింది. ఆమెకు టెన్షన్‌గా ఉంది. నాకు మాత్రం ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు. మన ఇంట్లో నా తర్వాత బండి మీద అంత దూరం పోతున్నది నువ్వే.

టైర్లు, బ్రేకులు, చైను, చలికి వేసుకునే బట్టలు, వీటి గురించి చెప్పేవాళ్లు నీకు చాలామంది దొరుకుతారు. నేను ఒక్క సంగతే రాస్తాను. ట్యాంకు నింపడం. 'బంకుకు పోయి ఫుల్ కొట్టమంటే సరిపోయె, దానికి ఉత్తరమెందుకు మామా' అనుకోవద్దు. పెళ్లికి ముందు రెండేళ్లు చంద్రగిరి రోడ్డులో ఒక బంకులో నేనే పెట్రోలు కొట్టాను. ఆ తర్వాత పాతికేళ్లు మెకానిక్ షెడ్డు నడిపాను. పెట్రోలు కొట్టే గన్ను పట్టుకున్నవాడి అవసరమేమిటో, బండి మీద ఉన్నవాడి అవసరమేమిటో రెండూ నాకు తెలుసు. వాడికి వెనకున్న లైను తొందరగా కదలాలి. నీకు రేపు అడవిలో బండి ఆగకూడదు.

పెళ్లయిన కొత్తలో మీ అత్తను బుల్లెట్ మీద హంపికి తీసుకుపోయాను. తిరిగి వస్తూ బళ్లారిలో ఫుల్ చేయించాను. బండి సైడ్ స్టాండ్ మీదే ఉంది. ఆ కుర్రాడు గన్ను గట్టిగా నొక్కాడు, నురగ మూత దాకా పొంగింది, 'అయిపోయింది అన్నా' అన్నాడు. బంకులో పనిచేసినవాణ్ణి నేను, నురగకూ పెట్రోలుకూ తేడా చూసుకోకుండా డబ్బులిచ్చి బయలుదేరాను. దానికి తోడు, ట్యాంకు కింది కుళాయిని అంతకుముందే రిజర్వులో, అంటే అడుగున మిగిలిన పెట్రోలు వాడుకునే వైపు పెట్టి, మళ్లీ మామూలుకు తిప్పలేదు. ట్యాంకు 14.5 లీటర్లు, లీటరుకు ముప్పై వస్తుంది, తిరుపతి నాలుగు వందల కిలోమీటర్ల లోపే, ఎట్లా చూసినా ఇంటికి చేరతామని లెక్క వేసుకున్నాను. అనంతపురం, కదిరి, మదనపల్లె, పీలేరు అన్నీ దాటాం. రాత్రి తొమ్మిదిన్నరకు, భాకరాపేట దాటి అడవి మొదలయ్యాక, బండి రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. చెయ్యి కుళాయి మీదికి పోయింది. అది అప్పటికే రిజర్వులో ఉంది.

అప్పుడు సెల్ ఫోన్లు లేవు. మీ అత్త కల్వర్టు గోడ మీద కూర్చుంది. ఒక్క మాట అనలేదు, చీర కొంగు తల మీదుగా కప్పుకుని అడవి వైపే చూస్తూ ఉంది. గంటన్నర తర్వాత స్కూటర్ మీద పోతున్న ఒక పెద్దాయన ఆగి, తన ట్యాంకులోంచి సన్న గొట్టంతో నోటితో లాగి సీసాడు పెట్రోలు పోశాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. ఆ రాత్రి తక్కువైంది లీటరో లీటరున్నరో, అంతే. 'ఫుల్' అనే మాటను ఆ తర్వాత నేనెప్పుడూ ఇంకొకరి నోటి నుంచి విని నమ్మలేదు.

ఇప్పుడు నీ బండికి వద్దాం. హిమాలయన్ 411 ట్యాంకు 15 లీటర్లు. మనాలి నుంచి లేహ్ పోయే దారిలో, చంద్ర, భాగ నదులు కలిసే తాండి దగ్గర ఒక పెట్రోలు బంకు ఉంది. నేను పోయినప్పుడు, తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో ఉందని అక్కడ బోర్డు పెట్టి ఉండేది. ఆ బోర్డు పక్కన నిలబడి ఫొటో దిగని బండోడు ఉండడు. నువ్వూ దిగు, కానీ దిగేముందు ఈ లెక్క వేసుకో. మన ఊళ్ల రోడ్ల మీద నీ బండి లీటరుకు ముప్పై ఇస్తుందనుకుందాం. అక్కడ బారాలాచా, తంగ్లంగ్ లా లాంటి కనుమలు ఎక్కాలి. సామానుతో, ఫస్టు గేరులో, సెకండు గేరులో, రాళ్ల మీద పోవాలి. పాతికకు పడిపోయిందనుకో. 15 లీటర్లకు 375 కిలోమీటర్లు. అంటే బోర్డు మీది దూరం కంటే పది కిలోమీటర్లు మాత్రమే ఎక్కువ. సైడ్ స్టాండ్ మీద హడావిడిగా కొట్టించి ఒక లీటరు తక్కువ పట్టిందనుకో, 14 లీటర్లకు 350. పదిహేను కిలోమీటర్ల ముందే ఆగిపోతావు.

అందుకే ఎట్లా నింపాలో వివరంగా రాస్తున్నాను.

బండి దిగాలి. కూర్చునే కొట్టించుకోవద్దు. సైడ్ స్టాండ్ మీద బండి ఎడమకు వాలుతుంది, ట్యాంకు కూడా వాలుతుంది, కుడి పక్క పైమూలలో గాలి ఇరుక్కుపోతుంది. పెట్రోలు మూత దగ్గరికి వచ్చినట్టే కనపడుతుంది, ఆ మూల మాత్రం ఖాళీగానే ఉంటుంది. నీ బండికి డబుల్ స్టాండ్ ఉంది, దాని మీద వెయ్యి. సామాను కట్టాక అంత బరువును డబుల్ స్టాండ్ మీదికి లాగడం నీకు కష్టం. అలాంటప్పుడు స్నేహితుల్లో ఒకరిని హ్యాండిల్ పట్టుకుని బండిని నిటారుగా నిలబెట్టమను. తిరుపతిలో బయలుదేరే రోజు పెట్రోలయితే ముందురోజు రాత్రే, సామాను కట్టకముందే పట్టించు. అప్పుడు బంకులో రద్దీ తక్కువ, వెనక హారన్లు ఉండవు, కుర్రాడికీ ఓపిక ఉంటుంది.

మీటరులో సున్నా చూసి 'మెల్లగా కొట్టు నాయనా' అని చెప్పు. గన్ను కొసన ఒక చిన్న రంధ్రం ఉంటుంది, ఈసారి దగ్గరికి వంగి చూడు. దాని గుండా లోపలికి గాలి పోతున్నంతసేపూ పెట్రోలు వస్తుంది. పెట్రోలు గానీ నురగ గానీ ఆ రంధ్రాన్ని మూసిందంటే గన్ను టక్కున ఆగిపోతుంది. వేగంగా కొడితే నురగ ఎక్కువ, గన్ను ముందే ఆగుతుంది, అందరూ 'ఫుల్' అంటారు. నువ్వు ఒక నిమిషం ఆగు. నురగ చిటపటమంటూ అణిగి, నిజమైన పెట్రోలు ఒక వేలెడు కిందికి దిగుతుంది. అప్పుడు గన్నును కొంచెం పైకి తీసి, కొద్దికొద్దిగా వదలమను.

ఎక్కడ ఆపాలో చెబుతాను, ఇది చాలా ముఖ్యం. మూత తీసి టార్చి వేసి చూస్తే, మూత కింద ట్యాంకులోకి దిగిన మెడ కనపడుతుంది. పెట్రోలు ఆ మెడ కింది అంచును తాకగానే ఆపెయ్యి. అదే నీ గీత. మెడలోకి, మూత దాకా నింపవద్దు. పైన వదిలిన ఆ జాగా ఊరికే ఉండదు. వేడెక్కితే పెట్రోలు ఉబ్బుతుంది, లీటరుకు ఒక్కో డిగ్రీకి దాదాపు ఒక మిల్లీలీటరు. బంకులో పెట్రోలు భూమిలో చల్లగా ఉంటుంది. నువ్వు మూత దాకా నింపి, మే నెల ఎండలో అలిపిరి దగ్గర బండి పెట్టి టిఫిన్‌కు పోయావనుకో. ట్యాంకులో వేడి ఇరవై డిగ్రీలు పెరిగినా 15 లీటర్లకు 300 మిల్లీలీటర్లు. రెండు మూడు టీ గ్లాసుల పెట్రోలు ఎటు పోవాలి? మూత పక్కనుంచి కారి వేడి ఇంజను మీద పడొచ్చు. పైగా నీది బీఎస్ 6 బండి, అంటే కాలుష్యం తగ్గించే నిబంధనల ప్రకారం చేసింది, పెట్రోలు ఆవిరిని పట్టే బొగ్గు డబ్బా ఒకటి ఉంటుంది. దాంట్లోకి ఆవిరి పోవాలి గానీ పెట్రోలే పోతే బండి సరిగా స్టార్ట్ కాదు. షెడ్డులో ఇలాంటి బండ్లు చూశాను. యజమానులంతా 'ఇంకొంచెం, ఇంకొంచెం' అని కొట్టించుకునేవాళ్లే.

ప్రతిసారీ అదే గీత. ఈ మాట నువ్వు పట్టుకుంటే చాలు. ఒకసారి మూత దాకా, ఒకసారి గన్ను ఆగిన దాకా, ఒకసారి సైడ్ స్టాండ్ మీద అని నింపితే నీ మైలేజీ లెక్క ఎప్పుడూ తప్పే. ఒకే గీత దాకా నింపితే, పట్టిన లీటర్లే నువ్వు కాల్చిన లీటర్లు.

అది ఇక్కడే తేల్చుకో. ఒక ఆదివారం తెల్లవారుజామున తిరుపతిలో గీత దాకా నింపి, ట్రిప్ మీటరు సున్నా చేసి, భాకరాపేట, పీలేరు, మదనపల్లె మీదుగా హార్స్‌లీ హిల్స్ పోయి రా. పోనూ రానూ మూడు వందల కిలోమీటర్ల దరిదాపు. ఘాట్ ఉంది, మంచి రోడ్డు ఉంది, ఊళ్లలో రద్దీ ఉంది. తిరిగొచ్చాక అదే బంకులో, అదే పంపు దగ్గర, డబుల్ స్టాండ్ మీద, అదే గీత దాకా నింపు. 290 కిలోమీటర్లకు 9.7 లీటర్లు పట్టిందంటే లీటరుకు ముప్పై కింద లెక్క. రెండోసారి సామాను కట్టుకుని, వెనక ఒకరిని కూర్చోబెట్టుకుని అదే దారిలో పోయి రా. ఆ రెండో అంకెనే లేహ్‌కు తీసుకుపో, మొదటిది ఇంట్లో వదిలెయ్యి. ఇప్పుడు మనకు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్‌లో లీటరుకు శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ. కాబట్టి బండి పాత యజమాని చెప్పిన మైలేజీని నమ్ముకోవద్దు.

జనం చెప్పే మాటలు కొన్ని ఉన్నాయి. 'వందకు కొట్టించుకోవద్దు, నూటపదికి కొట్టించుకో, మోసం ఉండదు' అంటారు. మెషీను కొలిచేది లీటర్లను, నీ నోట్లను కాదు. అనుమానం ఉంటే ఐదు లీటర్ల కొలపాత్ర తెమ్మని అడుగు. ముద్ర వేసిన ఆ పాత్ర ప్రతి బంకులోనూ ఉండాలి, అడిగే హక్కు నీకుంది. 'తెల్లారి చల్లగా ఉన్నప్పుడు కొట్టిస్తే ఎక్కువ వస్తుంది' అనేదీ అంతే. భూమిలో ఉన్న ట్యాంకుకు పొద్దునా మధ్యాహ్నం పెద్ద తేడా తెలియదు. ఒకటి మాత్రం పాటించు. ట్యాంకర్ వచ్చి బంకులో పెట్రోలు దించుతుంటే అక్కడ ఆగవద్దు, అడుగున ఉన్న మడ్డి కదిలి ఉండొచ్చు.

మనవాళ్లకు ఇంకో అలవాటుంది. మన రాష్ట్రంలో రేటు ఎక్కువని, పలమనేరు మీదుగా పోయేవాళ్లు కర్ణాటకలోకి అడుగు పెట్టాక, ఇటు వేలూరు వైపు పోయేవాళ్లు తమిళనాడులో కొట్టిద్దామని ఖాళీ ట్యాంకుతో పోతారు. దారిలో ఉంటే అక్కడే పట్టించుకో, తప్పు లేదు. దానికోసం మాత్రం రిజర్వు లైటు వెలిగిన బండితో మొగిలి ఘాట్ ఎక్కవద్దు. లీటరుకు ఆరేడు రూపాయలు మిగిలినా ట్యాంకు మొత్తానికి వంద రూపాయలు. నీ బండిలో పెట్రోలు పంపు ట్యాంకులోనే మునిగి ఉంటుంది, దాన్ని చల్లబరిచేదీ పెట్రోలే. ఎప్పుడూ అడుగంటా నడిపితే ఆ పంపు పోతుంది.

మూత చుట్టూ వాన నీళ్లు దిగిపోవడానికి ఒక చిన్న రంధ్రం ఉంటుంది. మట్టి పేరుకుని అది మూసుకుపోతే నీళ్లు మూత చుట్టూ నిలిచి, నువ్వు తాళం తీయగానే ట్యాంకులోకి జారతాయి. నవంబరు వానల్లో నా షెడ్డుకు తోసుకొచ్చిన బండ్లలో ఈ రకం ప్రతి ఏడాదీ ఉండేవి. బయలుదేరేముందు సన్న నైలాన్ దారంతో దాన్ని శుభ్రం చెయ్యి. తీగ వాడవద్దు, రంధ్రం కింది గొట్టం చిరుగుతుంది. ట్యాంకు మీద బ్యాగు పెట్టుకుంటే, మూతకు గాలాడుతోందో లేదో చూసుకో.

తాండి తర్వాతి దారికి ఐదు లీటర్ల డబ్బా ఒకటి తప్పనిసరి. కూల్‌డ్రింక్ సీసాల్లో పట్టించుకోవద్దు, ఎవరు చేసినా సరే నువ్వు చెయ్యవద్దు. నా దగ్గర ఇనుప డబ్బా ఉంది. దాన్ని బండి మీద కట్టి ఉండగా నింపించవద్దు. దించి నేల మీద పెట్టు, గన్ను డబ్బా మూతికి ఆనుకుని ఉండాలి. లేకపోతే స్టాటిక్ కరెంటుకు నిప్పురవ్వ పుట్టొచ్చు. పైన కొంచెం ఖాళీ వదులు. సగం దారి గడిచాక, బండి చల్లబడే దాకా ఆగి, ఆ ఐదు లీటర్లు ట్యాంకులో పోసుకో. ఆగిపోయేదాకా చూడొద్దు. ఖాళీ డబ్బా మూత బిగించే ఉంచు.

డబ్బా కడిగి ఆరబెట్టాను. వాషరు పాతదైతే మార్చాను, తలకిందులుగా పెట్టి రాత్రంతా చూశాను, చుక్క కారలేదు. వచ్చే ఆదివారం చిత్తూరుకు రా. మీ అత్త నీకు ఇష్టమని రాగి సంగటి చేస్తానంది. తినేముందు ఇక్కడి బంకుకు పోదాం, బండి నేను నిటారుగా పట్టుకుంటాను, నువ్వు టార్చి వేసి గీత చూసుకుందువు.

మీ మామ