నారింజ బటర్ కుకీలు పరుచుకుపోతున్నాయి, వాసన రావడం లేదు: సమాధానం

మీ కుకీలు ఓవెన్‌లో పలచగా పరుచుకుపోవడానికీ, నారింజ రుచి తెలియకపోవడానికీ కారణం బహుశా మీరు పిండిలో పోసిన రసమే. రసంలో అధికభాగం నీరు, సువాసననిచ్చే నూనె ఉండేది తొక్క రంగు పొరలో.

1. రసం మానేసి, రెండు పండ్ల తొక్కను చేదుగా ఉండే తెల్లపొర తగలకుండా సన్నగా తురమండి.

2. చాలామంది వదిలేసే పని ఇదే: వెన్న కలపకముందే ఆ తురుమును చక్కెరలో వేసి, చక్కెర తడి ఇసుకలా మారి గుప్పున వాసన వచ్చేవరకు వేళ్లతో రెండు నిమిషాలు నలపండి. చక్కెర పలుకులు తొక్కను గీరి నూనెను బయటికి తీస్తాయి. ఆ నూనె తరువాత వెన్నలో కలిసి నిలుస్తుంది. చెంచాతో తిప్పితే ఇది జరగదు.

3. వెన్న మెత్తబడితే చాలు, కరగకూడదు. ముద్దను గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచి, 175 డిగ్రీల సెల్సియస్ వద్ద అంచులు లేత బంగారు రంగుకు వచ్చేవరకు కాల్చండి.

పులుపు కూడా కావాలనిపిస్తే, మిగిలిన రసంలో పొడి చక్కెర కలిపి చల్లారిన కుకీలపై పూయండి.