నాలుగు కీలు పడకపోతే డ్రైవర్ ఎందుకండీ?

కావలి నుంచి ఒక పాఠకుడు రాశారు: "మా జిరాక్స్ షాపు డెస్క్‌టాప్‌లో కొన్నాళ్లుగా నాలుగైదు అక్షరాలు పడటం లేదు. మిగతావన్నీ బాగానే ఉన్నాయి. నెట్‌లో వెతికితే 'మీ కీబోర్డ్ డ్రైవర్ పాతబడింది, ఇది డౌన్‌లోడ్ చేసుకోండి' అని ఒక సైట్ వచ్చింది. చేసుకోమంటారా సార్?"

వద్దు. ఇదే ప్రశ్న గూడూరు నుంచి, మార్కాపురం నుంచి కూడా వస్తూనే ఉంది. కొందరు అడగకముందే డౌన్‌లోడ్ చేసేసి, ఆ తర్వాత ఉత్తరం రాస్తున్నారు.

డ్రైవర్ అంటే కీబోర్డు మాట విండోస్‌కు అర్థమయ్యేలా చేసే ప్రోగ్రామ్. మామూలు యూఎస్‌బీ కీబోర్డుకు కావాల్సినది విండోస్‌తోపాటే వస్తుంది. బయట నుంచి తెచ్చుకోవాల్సిన పనే లేదు. అయినా డ్రైవర్ చెడితే సాధారణంగా కీబోర్డు మొత్తం మూగబోతుంది గానీ, ఏరి పెట్టినట్టు నాలుగు అక్షరాలే ఆగవు. ఆ సైట్ మీకు అమ్ముతున్నది మందు కాదు. కీబోర్డు డ్రైవర్ పేరుతో మీరు అడ్మినిస్ట్రేటర్ అనుమతి ఇచ్చి ఎక్కించిన ప్రోగ్రామ్ మీరు కొట్టే ప్రతి అక్షరాన్నీ చూడగలదు. బ్యాంకు పాస్‌వర్డ్ కూడా అందులో ఒకటి. మీది జిరాక్స్ షాపు కాబట్టి అది మీ ఒక్కరి పాస్‌వర్డుతో ఆగదు. ఈఏపీసెట్‌కు దరఖాస్తు చేసుకోవడానికి వచ్చిన పిల్లలది, పెన్షన్ పని మీద వచ్చిన పెద్దాయనది, అందరిదీ అదే దారిన పోతుంది.

ఇంకో రకం మోసం కూడా చూస్తున్నాం. 'కీబోర్డ్ కస్టమర్ కేర్' అని వెతికి, ముందు కనిపించిన నంబరుకు ఫోన్ చేస్తారు. అవతలివాడు ఎంతో మర్యాదగా మాట్లాడి, మీ స్క్రీన్ తను చూసే యాప్ ఒకటి ఎక్కించమంటాడు. ఎక్కించారంటే మౌస్ వాడి చేతికి వెళ్లిపోయినట్టే. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే నెట్ వైరు పీకేసి వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకూ చెప్పండి. పాస్‌వర్డులు మార్చాల్సింది ఆ కంప్యూటర్ మీద కాదు, వేరే దాని మీద.

ఇక అసలు జబ్బు. మనం వాడే చౌక కీబోర్డుల్లో ఒక్కో అక్షరానికి ఒక్కో వైరు ఉండదు. వెనక స్క్రూలు తీసి చూస్తే రబ్బరు బుడిపెల కింద మూడు పల్చటి ప్లాస్టిక్ షీట్లు ఉంటాయి. పైదానికి, కిందదానికి కరెంటు పారే సిరాతో గీసిన గీతలుంటాయి. నడిమి షీటుకు కీల కింద చిల్లులుంటాయి. కీ నొక్కితే ఆ చిల్లులోంచి పై గీత కింద గీతను తాకుతుంది. ఒక గీత మీద చాలా కీలు ఆధారపడతాయి కాబట్టి అది తెగితే అవన్నీ ఒకేసారి పోతాయి. మీకు జరిగింది ఇదే అయి ఉంటుంది. కావలి, కొత్తపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉప్పు తేమకు ఆ గీతలు నల్లబడి తినేసుకుపోతాయి. చీమకుర్తి వైపయితే గ్రానైట్ దుమ్ము కీల సందుల్లో పేరుకుంటుంది. దుమ్ము దులిపితే పోతుంది, గీత తెగితే అతుకు నిలవదు. కొత్త కీబోర్డు కొనుక్కోవడమే మేలు.

కొనేముందు ఒక పరీక్ష. విండోస్, కంట్రోల్, ఓ కీలు మూడూ కలిపి నొక్కితే తెర మీద కీబోర్డు వస్తుంది. ఇప్పుడు అసలు కీబోర్డు మీద ఒక్కో కీ నొక్కండి. నొక్కిన కీ తెర మీద మెరుస్తుంది. మెరవనిది చచ్చినట్టే లెక్క. అదే కీబోర్డును పక్క సీపీయూకు పెట్టినా పడకపోతే ఇక అనుమానమే లేదు. పాస్‌వర్డులోనే ఆ అక్షరం ఉంటే కంగారుపడకండి, లాగిన్ తెర మీద కింద మూలనున్న యాక్సెసిబిలిటీ గుర్తులోంచి తెర మీది కీబోర్డును తెరవొచ్చు. ఇది తెలియక కొందరు, చచ్చిన కీ అవసరం లేకుండా పాస్‌వర్డును వరసగా అంకెలు చేసి పెడుతున్నారు! 500 రూపాయల కీబోర్డు కోసం షాపు తాళం తీసి వీధిలో పెట్టడం ఏమిటండీ?

కందుకూరు నుంచి మరొకరు: "అక్షరం పడాలంటే కాసేపు నొక్కి పట్టుకోవాల్సి వస్తోంది. కీబోర్డు మార్చినా అంతే." ఇది విండోస్‌లోని ఫిల్టర్ కీస్ అనే ఏర్పాటు పని. కుడి షిఫ్ట్‌ను 8 సెకన్లు నొక్కి ఉంచితే ఇది ఆన్ చేయాలా అని విండోస్ అడుగుతుంది. చదవకుండా 'యెస్' అని నొక్కి ఉంటారు. చేతులు వణికేవాళ్లకు ఎంతో పనికొచ్చే ఏర్పాటు ఇది, తీసేయమని నేను అనను. కానీ అడిగే తీరు మాత్రం బాగాలేదు. దీనివల్ల ఏం మారుతుందో తెలుగులో, పెద్ద అక్షరాలతో ఒక్క వాక్యం చెప్పొచ్చు కదా! సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్లి, కీబోర్డు కింద దీన్ని ఆఫ్ చేయండి.

కొత్తది కొంటే వైరుదే కొనండి. వైరు లేని చౌక కీబోర్డులు కొన్ని కొట్టిన అక్షరాలను ఏ రహస్య సంకేతమూ లేకుండా గాల్లోకి వదులుతున్నాయని, 250 అడుగుల దూరం నుంచి కూడా వాటిని పట్టొచ్చని 2016లో పరిశోధకులు చూపించారు. వాటిని అప్‌డేట్‌తో బాగుచేసే వీలు కూడా లేదు. ఇలాంటిది అమ్మే కంపెనీ పెట్టె మీద ఆ మాట రాయాలి. ఎన్ని కీలో, ఎన్ని రంగుల లైట్లో రాస్తారు, అక్షరాలకు రక్షణ ఉందో లేదో మాత్రం రాయరు.

కొత్త కీబోర్డు తగిలించేటప్పుడు సీపీయూ వెనక్కి వంగి చూడండి. వైరుకూ సీపీయూకూ నడుమ వేలి కణుపంత ముక్క ఏదైనా ఉందా? కొట్టే అక్షరాలను దొంగిలించే కీలాగర్లు అలాగే ఉంటాయి. అక్షరాలన్నీ తమలోనే దాచుకుంటాయి, యాంటీవైరస్‌కు సాధారణంగా కనపడవు. పది మంది చేతులు పడే షాపులో ఎవరైనా పెట్టిపోవచ్చు. మీరు పెట్టని ముక్క అక్కడ ఉంటే పీకేసి, ఆ సిస్టం మీద ఎవరెవరు లాగిన్ అయ్యారో వాళ్లందరికీ పాస్‌వర్డ్ మార్చుకోమని కబురు చేయండి.